ఆకాశం కబుర్లు సోషల్ మీడియా ఫీడ్‌లో ఆలస్యంగా వస్తున్నాయి. మీరెలా చూసుకుంటున్నారు?

వేగుచుక్క:

నా దగ్గర టెలిస్కోపు లేదు, బైనాక్యులర్స్ మాత్రమే. ఈ ఆసక్తి మొదలైందే నెట్‌లో. నలుగురైదుగురు రాసే బ్లాగులు చదివి, వాళ్లు చెప్పిన రాత్రి బయటికెళ్లి చూసేవాణ్ణి. ఆ రాసేవాళ్లంతా ఇప్పుడు సోషల్ మీడియాకి మారారు. నేనూ వాళ్ల వెంటే వెళ్లాను.

ఇప్పుడేమైందంటే, జెమినిడ్స్ ఉల్కలు బాగా రాలేది డిసెంబర్ 13, 14 రాత్రుల్లో. "ఈ రాత్రి తప్పక చూడండి" అన్న పోస్టు నా ఫీడ్‌లోకి 16న వచ్చింది. రాసినవాళ్లు 13నే రాశారు, నాకు చూపించడమే ఆలస్యమైంది. ఆకాశానికి తారీఖుతో పని. ఫీడ్‌కి ఆ పట్టింపు లేదు.

2019 చివర్లో ఆర్ద్ర నక్షత్రం మసకబారడం గుర్తుందా? మామూలుగా రోహిణి కంటే కాస్త ప్రకాశంగా ఉండేది, 2020 ఫిబ్రవరికి పక్కనున్న బెల్లాట్రిక్స్ అనే చుక్క స్థాయికి దిగిపోయింది. మామూలు కంటికే తెలిసిపోయేంత తేడా అది. అప్పుడు నా ఫీడ్ నిండా "పేలిపోబోతోంది" అన్న పోస్టులే. ఆ నక్షత్రమే వెదజల్లిన ధూళి మన వైపు అడ్డొచ్చిందని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మాట మాత్రం ఫీడ్ నాకు ఒక్కసారీ చూపించలేదు. నేనే వెతుక్కుని చదివాను.

తారీఖు వరసలో చదువుకునే మార్గం ఉంటే చెప్పండి. దానికంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంకొకటుంది. రోజూ గంటల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసిన రంగురంగుల ఫోటోలు చూసీ చూసీ, బైనాక్యులర్స్‌లో ఆండ్రోమెడా గెలాక్సీ బూడిదరంగు మరకలా కనబడితే "ఇంతేనా" అనిపిస్తోంది. 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు కంట్లో పడుతుంటే ఒకప్పుడు ఒళ్లు జలదరించేది. నా ఇష్టమే మారిపోతోందేమోనని భయంగా ఉంది. మీకూ ఇలా జరిగిందా?

తంతిమాట:

మొదటిదానికి జవాబు ఆర్‌ఎస్‌ఎస్, అంటే సైట్లలో కొత్తగా వచ్చినవాటిని రీడర్ అనే యాప్‌లోకి తెచ్చిపెట్టే ఏర్పాటు. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి. ఫీడ్‌లీ, ఇనోరీడర్ లాంటి ఏ రీడర్‌లోనైనా సైట్ చిరునామా ఇస్తే చాలు, ఆ సైట్‌కి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఉంటే కొత్తది రాగానే తారీఖు వరసలో వచ్చి పడుతుంది. గూగుల్ రీడర్‌ని 2013 జూలై 1న మూసేశాక ఆర్‌ఎస్‌ఎస్సే పోయిందనుకున్నారు చాలామంది. పోయింది ఆ ఒక్క రీడరే. పాడ్‌కాస్టులు ఇప్పటికీ దీనిమీదే నడుస్తున్నాయి. యూట్యూబ్ ఛానెళ్లకీ ఫీడ్ ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఉండక తప్పదంటే, పైన పేరు మీద నొక్కి "ఫాలోయింగ్" ఎంచుకోండి. 2016లో తారీఖు వరస మార్చేశాక, మళ్లీ 2022లో ఇచ్చారది. కాకపోతే యాప్ తెరిచిన ప్రతిసారీ వాళ్లు ఎంచిన వరసకే వెళ్లిపోతుంది, మళ్లీ ఎంచుకోవాలి.

మబ్బుతెర:

నేను ఆకాశం గురించి ఒక పేజీ నడుపుతాను కాబట్టి రాసేవాళ్ల వైపు నుంచి చెప్తాను. ఈ వారం ఏ గ్రహం ఏ దిక్కున, ఎన్ని గంటలకు కనబడుతుందో పటం గీసి పెడతాను. దాన్ని చూసినవాళ్లు చేసే పని ఫోన్ పక్కన పెట్టి బయటికి వెళ్లడం. అంటే లైకు లేదు, కామెంటు లేదు, పోస్టు మీద నిలిచిన సమయమూ తక్కువే. ఫీడ్ లెక్కలో అది ఎవరికీ నచ్చని పోస్టు! ఎర్ర చంద్రుడి ఫోటో పెడితే జనం ఆగి చూస్తారు, "ఇది నిజమేనా" అని వాదించుకుంటారు, అదే పదిమందికీ పాకుతుంది. పటం గీయడానికి సాయంత్రమంతా పడుతుంది. అయినా మానలేదు, మానను. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏది నడుస్తుందో చూసి అటే వెళ్లిపోతున్నారు, వాళ్లని తప్పుపట్టలేను.

ధ్రువరేఖ:

ఇంకో వైపూ చూడండి. 2016లో కెనడాలో ధ్రువకాంతుల (అరోరా) ఫోటోలు తీసేవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపు ఒకటి, ఆకాశంలో అడ్డంగా సాగే ఊదారంగు పట్టీని శాస్త్రవేత్తలకు చూపించింది. వాళ్లకది తెలిసిన ఏ రకంలోనూ ఇమడలేదు. స్వార్మ్ ఉపగ్రహం ఆ పట్టీలోంచి వెళ్లినప్పటి కొలతలు తీసి చూస్తే, సుమారు 25 కిలోమీటర్ల వెడల్పున వేడి వాయువు సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో పడమటికి పారుతోంది. 2018లో పరిశోధన పత్రం వచ్చింది, రచయితల్లో ఆ గ్రూపు వాళ్లూ ఉన్నారు. ఆ పట్టీ పేరే స్టీవ్. సోషల్ వెబ్ లేకపోతే ఆ ఫోటోలన్నీ ఎవరి కంప్యూటర్లో వాళ్లకే ఉండిపోయేవి. అందుకని ఫీడ్ వదిలేసినా గ్రూపులు వదలొద్దంటాను.

మీ రెండో బాధ నాకూ ఉండేది. చంచల నక్షత్రాలు, అంటే ప్రకాశం మారుతూ ఉండేవి, నన్ను ఒడ్డున పడేశాయి. ప్రకాశం తెలిసిన రెండు చుక్కల మధ్య మీ నక్షత్రం ఎక్కడుందో అంచనా వేసి, ఒక అంకె రాసుకోవాలి. దీనికి బైనాక్యులర్స్ చాలు. అమెరికాలో 1911లో మొదలైన ఏఏవీఎస్ఓ అన్న సంఘం ఔత్సాహికుల అంచనాలను ఈనాటికీ తీసుకుంటోంది. చేసేటప్పుడు తదేకంగా చూడకుండా చటుక్కున చూసి చూపు తిప్పుకోవాలి, లేకపోతే ఎర్ర నక్షత్రాలు ఉన్నదానికంటే ప్రకాశంగా అనిపిస్తాయి. అంకె రాయాల్సి వచ్చినప్పుడు కన్ను ఫోటోతో పోల్చదు, పక్క చుక్కతో పోలుస్తుంది.

వేగుచుక్క:

ధ్రువరేఖ గారూ, మీరా అనే చంచల నక్షత్రంతో మొదలుపెట్టొచ్చా? అది దాదాపు 332 రోజులకోసారి వెలిగి మళ్లీ మసకైపోతుందని చదివాను. మబ్బుతెర గారూ, మీ పటాలకి ఆర్‌ఎస్‌ఎస్ ఉందా? ఉంటే నా రీడర్‌లో మొదట చేర్చేది అదే.

మబ్బుతెర:

పేజీకి లేదండి. పటాలన్నీ ఒక బ్లాగులో కూడా పెట్టడం మొదలుపెడతాను, బ్లాగుకైతే ఫీడ్ దానంతటదే వస్తుంది. పాతవి ఎక్కించాక చిరునామా ఇక్కడే ఇస్తాను.

ధ్రువరేఖ:

మీరా మంచిదే, కానీ మసకగా ఉన్న నెలల్లో బైనాక్యులర్స్‌కి కష్టం. ముందు ఆర్ద్రతోనే చేయండి, పక్కన రోహిణి ఎలాగూ ఉంది.