దేవుణ్ణి నమ్మేవాళ్లు నమ్మనివాళ్లకంటే నీతిగా ఉంటారా?

వేకువ:
మా ఆఫీసులో నగదు చూసుకునే బాధ్యత ఎవరికి అప్పగించాలా అని మాట్లాడుకుంటుంటే, వయసులో పెద్దాయన ఒకరు "ఆయనకివ్వండి, దైవభక్తి ఉన్న మనిషి" అన్నారు. ఎవరూ కాదనలేదు. నేనూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. నేను దేవుణ్ణి నమ్మను. పన్నెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాను, నా లెక్కల్లో ఎప్పుడూ తేడా రాలేదు. అయినా ఆ ఒక్క మాటతో నన్ను పక్కన పెట్టినట్టయింది.

ఇది మా ఆఫీసు గోల ఒక్కటే కాదు. నీతిగా బతకాలంటే దేవుడి మీద నమ్మకం ఉండి తీరాలా అని 2019లో అమెరికాకు చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 34 దేశాల్లో అడిగింది. ఒక్కో దేశం శాతాన్ని వరుసగా పేర్చి నడిమిది తీసుకుంటే, 45 శాతం మంది ఉండాలన్నారు. 2017లో అచ్చయిన ఇంకో పరిశోధన నన్ను మరీ కలవరపెట్టింది. 13 దేశాల్లో జనానికి ఒక క్రూరుడైన హంతకుడి గురించి చెప్పి, అతను ఎలాంటివాడై ఉంటాడో పరోక్షంగా అడిగారు. అతను నాస్తికుడై ఉంటాడనే ఊహ, ఆస్తికుడై ఉంటాడనే ఊహ కంటే దాదాపు రెండింతలు ఎక్కువగా వచ్చింది. ఆ అనుమానం నాస్తికుల్లోనూ కనిపించింది! అంటే మా మీద మాకే నమ్మకం లేదు.

ఈ అభిప్రాయానికి ఆధారం ఏమైనా ఉందా? భక్తి ఉన్నవాళ్లు నిజంగానే మాకంటే మంచిగా నడుచుకుంటారా?

నీలిసిరా:
వేకువ గారూ, మీకు జరిగింది అన్యాయం. ముందు ఆ మాట చెప్పాకే నా సంగతి చెప్తాను.

నేను నమ్మే మనిషిని. నరకం భయంతో మంచిగా ఉంటారని మా గురించి చాలామంది అనుకుంటారు. రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు నాకు నరకం గుర్తురాదు. పొద్దున ఎవరి మీద విసుక్కున్నానో అది గుర్తొస్తుంది. మర్నాడు వెళ్లి క్షమించమని అడిగిన రోజులు చాలా ఉన్నాయి. ఆ పది నిమిషాలు లేకపోతే నేను అడిగేదాన్ని కాదు. నా పౌరుషం ఎంతటిదో నాకు తెలుసు.

ఇంకొకటి. మా అత్తగారు నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మా ప్రార్థన బృందంలోవాళ్లు వంతులేసుకుని రాత్రుళ్లు తోడున్నారు. ఏ రాత్రి ఎవరో కాగితం మీద రాసి నా చేతికిచ్చారు. నేను ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు. వాళ్లలో సగం మందికి మా అత్తగారి పేరు కూడా తెలీదు. నమ్మకం లేనివాళ్లు చెడ్డవాళ్లని నేననను. కానీ మీకు కష్టమొస్తే ఆ కాగితం ఎవరు రాస్తారు? ఎత్తిపొడుపు కాదండీ, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

కొలమానం:
ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చాన్నాళ్లుగా చదువుతున్నాను. ప్రశ్నపత్రం ఇచ్చి "మీరు ఇతరులకు సాయం చేస్తారా" అంటే భక్తిపరులు ఎక్కువగా అవునంటారు. పని చేయించి చూస్తే ఆ తేడా బాగా తగ్గిపోతుంది.

2014లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం అమెరికా, కెనడాల్లో 1,252 మంది ఫోన్లకు రోజుకు కొన్నిసార్లు మెసేజ్ పంపింది. గడిచిన గంటలో ఏదైనా మంచి పనో చెడ్డ పనో చేశారా అన్నది ప్రశ్న. చేసిన మంచిలోనూ చేసిన చెడులోనూ మతం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇదీ వాళ్లు చెప్పుకున్నదే, కాకపోతే అప్పటికప్పుడు చెప్పింది. నీలిసిరా గారు ఒకటి గమనించాలి. తప్పు చేశాక కలిగే అపరాధ భావం, మంచి చేశాక కలిగే గర్వం మాత్రం మతం ఉన్నవాళ్లలో ఎక్కువ తీవ్రంగా కనిపించాయి. మీ పది నిమిషాల ప్రార్థన చేసే పని ఇదేనేమో.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన ప్రయోగం అయితే నేను మరిచిపోలేను. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మందిని ప్రసంగం చేయమని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ మూలుగుతూ పడి ఉన్నాడు. కొందరు మాట్లాడబోయేది బైబిల్‌లోని మంచి సమరయుడి కథ గురించే, అంటే దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మనిషి గురించే! దానివల్ల పెద్ద తేడా రాలేదు. తేడా తెచ్చింది తొందర. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే ఆగారు.

నా సాటి నాస్తికులకూ ఒక మాట. మతం లేని ఇళ్లలోని పిల్లలే ఎక్కువ పంచుకుంటారని 2015లో వచ్చిన పరిశోధనను ఇప్పటికీ గర్వంగా పంచుకుంటుంటారు. దేశాలవారీ లెక్క కట్టడంలో పొరపాటు జరిగిందని తేలి దాన్ని 2019లో ఉపసంహరించారు. దయచేసి ఆపండి.

సందేహి:
ఒకే గ్రంథం చేతబట్టి బానిసలను కొన్నవాళ్లున్నారు. అదే గ్రంథం చేతబట్టి, 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించేదాకా ఇరవై ఏళ్లు పోరాడినవాళ్లూ ఉన్నారు. అందులో ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో చెప్పిన మనస్సాక్షి ఎక్కడిది? మంచిది కాబట్టి దేవతలు మెచ్చారా, దేవతలు మెచ్చారు కాబట్టి మంచిదయిందా అని సోక్రటీస్ అడిగినట్టు ప్లేటో రాశాడు. దానికి నాకింకా జవాబు దొరకలేదు.

నీలిసిరా:
ఆ ప్రశ్న నన్నూ వేధిస్తుంది, సందేహి గారూ. కానీ తూకం రెండు వైపులా ఒకటే ఉండాలి. అల్బేనియా 1967లో మతాన్నే నిషేధించి, నాస్తిక రాజ్యమని ప్రకటించుకుని మతగురువులను జైళ్లలో పెట్టింది. ఆ పాపాన్ని వేకువ గారికి నేను అంటగట్టను. బానిసలను కొన్నవాళ్లను మీరు నాకు అంటగట్టొద్దు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని ల షాంబోన్ అనే ఊరివాళ్లు, చుట్టుపక్కలవాళ్లు వేలమంది శరణార్థులను నాజీల నుంచి దాచారు. వాళ్లలో చాలామంది యూదులు. దాచినవాళ్లు ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, అంటే క్రైస్తవంలోనే ఒక శాఖవాళ్లు. ఒకప్పుడు తమ పూర్వీకులను కూడా మతం పేరుతో వేటాడారని వాళ్లకు తెలుసు. అక్కడ పనిచేసింది విశ్వాసమా, ఆ జ్ఞాపకమా? రెండూ అనుకుంటాను. విడదీయడం నాకు చేతకాదు.

వేకువ:
నీలిసిరా గారూ, మీరడిగిన కాగితం గురించి రెండు రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే నాకు ఆ కాగితం రాసేవాళ్లు లేరు. స్నేహితులున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి అడగాలి. అడిగితే వస్తారు. అడగకుండానే వంతులు వేసుకునే ఏర్పాటు మాకు లేదు.

అమెరికాలో మతజీవితం మీద రాబర్ట్ పట్నం, డేవిడ్ కాంప్‌బెల్ చేసిన పెద్ద అధ్యయనం 2010లో పుస్తకంగా వచ్చింది. గుడిలోనో చర్చిలోనో స్నేహాలున్నవాళ్లే ఎక్కువగా సాయం చేస్తారని, ఎంత గట్టిగా నమ్ముతారన్నదాని కంటే ఆ స్నేహాలే ముఖ్యమని వాళ్లు తేల్చారు. ఇది చదివి నాకు ఊరటా కలిగింది, సిగ్గూ వేసింది. మీకున్నది దేవుడిచ్చిన మంచితనం మాత్రమే కాదు, వారం వారం కలిసి కూర్చుని కట్టుకున్నది. అలాంటిది కట్టుకోవడానికి దేవుడితో పనిలేదు. కట్టుకోనిది మేమే.

అలాగని మా పెద్దాయన మాటను ఒప్పుకోను. ఆసుపత్రిలో వంతులేసుకోవడం వేరు, నగదు పెట్టె వేరు. భక్తి ఉందన్న ఒక్క కారణంతో లెక్కలు చూడకుండా తాళాలిస్తే, రేపు తేడా వచ్చినప్పుడు అడగడానికి కూడా నోరు రాదు. ఈసారి ఆ మాట వస్తే మాత్రం, పాత ఖాతా పుస్తకాలు బల్ల మీద పెట్టి చూద్దామంటాను. నావి కూడా.

నీలిసిరా గారూ, ఆ కాగితం మొదట ఎవరు మొదలుపెట్టారు? ఎంతమంది ఉంటే వంతులు కుదురుతాయి? వీలుంటే రాయండి.