సర్కారు ఆసుపత్రిని ప్రైవేటుకి ఇచ్చేస్తే నయమా?

పర్లాకిమిడి కుర్రాడు:
మొన్న నాన్నకి ఛాతీలో నొప్పి వస్తే ఓ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ మెషిన్ ఉంది, తీసే మనిషి లేడు, చీటీకే గంట పట్టింది, ఆఖరికి పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చారు, కారు మాట్లాడుకుని శ్రీకాకుళం పరిగెత్తాం. ఇంతకన్నా ప్రైవేటుకి అప్పగిస్తేనే మేలు కదా?

రాయగడ అక్క:
ముందు నాన్నగారికి ఎలా ఉందో చెప్పు తమ్ముడూ. నీ కోపం సరే, కానీ మెషిన్‌కి డబ్బు వచ్చి మనిషి జీతానికి రాలేదంటే తప్పు ఎక్కడుంది? 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వం ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ విధానంలో రాసుకున్నారు, 2021-22 లెక్కల్లో చూస్తే 1.84 శాతమే.

బరంపురం బాబాయ్:
డబ్బొక్కటే కాదమ్మా, ఉన్న డాక్టరు పదకొండింటికి వస్తే అడిగేవాడు లేడు. అయినా ప్రైవేటు అంటే నాకు భయమే. 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఉందంటారు, అది అడ్మిట్ అయితేనే, ఓపీకి పనికిరాదు. ఆంధ్రాలో 10 కొత్త మెడికల్ కాలేజీలు పీపీపీకి, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి, అన్నారు, మన పక్కనున్న పార్వతీపురం కూడా అందులోదే. లాభం రాని కొండ ఊళ్లకి ఎవడొస్తాడు చెప్పు?

పర్లాకిమిడి కుర్రాడు:
స్టెంట్ వేశారు అక్కా, కోలుకుంటున్నారు. అన్నట్టు, ఆ మెషిన్‌కి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.