అశోకుడి ధర్మాన్ని మీరితే శిక్ష ఉండేదా?

గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి శాసనాలను ముందు పెట్టుకుని అడుగుతున్నాను. ప్రాకృతం, బ్రాహ్మీ లిపి తెలిసినవారు దయచేసి చెప్పండి.

అక్కడి చిన్న శాసనంలో (కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, చదవడం ఓ పరీక్షే) ఆజ్ఞ దిగే దారి స్పష్టంగా ఉంది. రాజు చెప్తే రాజుకుడు (రాజు కింది ప్రాంతీయ అధికారి) జనపదానికి, అంటే పల్లె ప్రజలకు చెప్పాలి. ఏనుగులెక్కేవారు, లేఖకులు, రథశిక్షకులు, బ్రాహ్మణ గురువులు తమ దగ్గరివాళ్లకు నేర్పాలి. నేర్పాల్సినవేమో తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణులపై దయ, నిజం చెప్పడం. ఇది "పురాతన పద్ధతి" అని కూడా అశోకుడు అంటాడు. అంటే అధికారం దేవుడి నుంచి కాదు, ఆచారం నుంచి తెచ్చుకుంటున్నట్టుంది.

కానీ వినకపోతే ఏమవుతుందో అందులో ఎక్కడా లేదు. అశోకుడి 7వ స్తంభ శాసనం నియమాలకన్నా నచ్చజెప్పడమే ఎక్కువ పనిచేసిందంటుంది. 13వ శిలాశాసనంలో మాత్రం కళింగలో లక్షమంది చనిపోయారని బాధపడుతూనే, అడవి జనాన్ని తన బలం గుర్తుచేసి హెచ్చరిస్తాడు. 4వ స్తంభ శాసనం మరణశిక్ష పడ్డవాళ్లకు 3 రోజుల గడువిస్తుంది, అంటే మరణశిక్ష రద్దు కాలేదన్నమాట.

నా అనుమానం: దండం (శిక్ష) పాత చట్టానిది, ధర్మం వేరే. రెండింటినీ ధర్మమహామాత్రులు (ధర్మం కోసం అశోకుడు నియమించిన అధికారులు) ఎక్కడైనా కలిపారా? 5వ శిలాశాసనంలో ఖైదీల విడుదల ప్రస్తావన తప్ప ఇంకేమైనా ఆధారముంటే శాసనం పేరు, పంక్తితో సహా చెప్పండి. "అశోకుడు దయామయుడు" తరహా జవాబులు వద్దు.