మడతల్లో చిట్లిన పాత పట్టుచీర: లంగా కుట్టించాలా, అంచు మార్పించాలా?

1980ల నాటి ధర్మవరం పట్టుచీర, ఐదున్నర మీటర్లు. జానెడు జరీ అంచులు, కొంగు ఇంకా గట్టిగా ఉన్నాయి. చిక్కంతా చీర ఒంటితోనే, అంటే అంచుల మధ్య గుడ్డతోనే. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండి నాలుగు చోట్ల అడ్డంగా చిట్లింది. చీలికలు ఈ అంచు దగ్గర మొదలై ఆ అంచు దగ్గర ఆగాయి. దగ్గరగా చూస్తే పడుగు (పొడవునా సాగే) పోగులు తెగి, పేక (అడ్డపోగు) మాత్రం వదులుగా వేలాడుతోంది. రఫూ చేయిస్తే గట్టిపడ్డ చోటి పక్కనే మళ్లీ చీలుతుంది, కాబట్టి అది వద్దు.

లంగాకైతే చీర పొడవు నడుం చుట్టూ వస్తుంది, చీలికలు నిలువుగా దిగుతాయి. ఒక్కోదాన్ని కుచ్చు లోపలి మడతలోకి తోసేయొచ్చు. వెనక ఏం వేయాలన్నదే ప్రశ్న. ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే జిగురు గుడ్డ) అతికిస్తే ఇస్త్రీ వేడికి జిగురు పట్టు మీదికి ఊరుతుంది, డ్రైవాష్‌కి బుడగలు లేస్తాయి. ముందే తడిపి ఆరేసిన మల్‌మల్ గుడ్డ వేసి, చీలికకు అటూ ఇటూ అంగుళం వదిలి చేత్తో కుడితే ఆగుతుందా? నడుం పట్టీ దగ్గర లాగుడుకు తట్టుకుంటుందా?

రెండో దారి, అంచు కోసి కొత్త పట్టుకు వేయించడం. పల్చటి గుడ్డయితే జరీ బరువుకు కుట్టు వెంట ముడతలు పడతాయి. ఏ రకం పట్టు ఆగుతుంది?

అమ్మాలంటే ఇంకో సందేహం. జరీని గీకితే ఎర్ర పట్టుపోగు కనిపిస్తోంది, రాగి ఛాయ లేదు, అంటే వెండి జరీయే కావచ్చు. వెండి కోసం జరీ కరిగించేవాళ్లకు తూకానికి ఇవ్వడం మనసొప్పదు. చీలికల ఫొటోలు పెట్టి చీరగానే అమ్మితే మేలా, అంచులు విడిగానా?