అరకు వెళ్తున్నాం, రాత్రి బస ఎక్కడ పెట్టుకోవాలి? అమ్మకి మోకాళ్ల నొప్పులు

ఉప్పల్‌వాసి:
అందరికీ నమస్కారం. డిసెంబరు ఆఖరి వారంలో అరకు అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప, తమ్ముడు, అమ్మానాన్న. నాన్నకి 71, బాగానే నడుస్తారు. అమ్మకే మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లు ఎక్కడం కష్టం, దిగడం ఇంకా కష్టం. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా రైలు, అక్కడి నుంచి పైన రెండు రాత్రులే ఉంటాయి. తమ్ముడేమో ఒక రాత్రి లంబసింగిలో టెంట్ తీసుకుందాం, తెల్లారగట్ల వంజంగి ఎక్కి మేఘాలు చూద్దాం అంటున్నాడు. మా ఆవిడకి అనంతగిరి కాఫీ తోటల్లో ఒక కాటేజీ నచ్చింది, ఫోటోల్లో చాలా బాగుంది. నాకేమో అరకు ఊళ్లోనే ఉంటే తిండికీ మందులకీ ఇబ్బంది ఉండదనిపిస్తోంది. అమ్మ తిరుమల తప్ప ఇంకో కొండ చూడలేదు, పొగమంచు చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. అంత దూరం తీసుకెళ్లి గదిలో కూర్చోబెట్టి తెచ్చినట్టు కాకూడదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గాజువాక:
అన్నా, ముందు మ్యాప్ తీసి చూడండి. చాలామంది అరకు, లంబసింగి పక్కపక్కనే అనుకుని వచ్చి రోజంతా కారులోనే గడిపేస్తారు. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. లంబసింగి చింతపల్లి మండలం, మా వైపు నుంచి నర్సీపట్నం మీదుగా వెళ్తాం, అసలు దారే వేరు. అరకు నుంచి వెళ్లాలంటే పాడేరు మీదుగా సగం పూట కొండదారే. వంజంగి పాడేరు దగ్గర. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరి, బండి ఆగిపోయిన చోటు నుంచి రాళ్ల దారిలో పైకి నడవాలి. అమ్మగారికి అది కుదరదు. ఆ చలిలో టెంట్‌లో నేల మీద పడుకుని పొద్దున లేవడం మోకాళ్లు బాగున్నవాళ్లకే కష్టం. తమ్ముడికి అంత ఇష్టమైతే ఒక రాత్రి ఒక్కడే పాడేరులో ఉండి చూసుకుని రమ్మనండి, మీరు మాత్రం రెండు రాత్రులూ ఒకే చోట ఉండండి. పెద్దవాళ్లతో రోజుకో చోట సామాన్లు సర్దుకోవడం వద్దు.

గోదారిగట్టు:
కాటేజీ ఫోటోలు చూసి బుక్ చేసే ముందు నా సంగతి వినండి. రెండేళ్ల కిందట మా అమ్మని తీసుకుని అటువైపే ఒక చోట దిగాం, పేరు చెప్పను. లోయ కనిపించే గది అన్నారు, నిజంగానే కనిపించింది. లోయ కనపడాలంటే గది వాలులో ఉండాలి కదా, కారు ఆగిన చోటు నుంచి కిందికి మెట్లు. మామూలు మెట్లు కావు, బండరాళ్లు పేర్చినవి, ఒకటి జానెడు, ఇంకోటి మూరెడు, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మ నా భుజం మీద ఒక చెయ్యి, పక్కనున్న కాఫీ మొక్క మీద ఒక చెయ్యి వేసుకుని దిగింది. సగంలో కూర్చుండిపోయి, 'ఇవన్నీ మళ్లీ ఎక్కాలి కదరా' అంది. ఆ మాటతో నాకు ట్రిప్ అక్కడే అయిపోయింది. రెండు రోజులూ ఆవిడ గది దాటలేదు, భోజనం నేనే పైనుంచి పళ్లెంలో తెచ్చేవాణ్ని. ఫోన్‌లో 'మెట్లున్నాయా' అని అడిగితే 'కొంచెం ఉన్నాయి సార్' అంటారు. అలా అడక్కండి. కారు తలుపు నుంచి గది తలుపు దాకా ఒక వీడియో తీసి పంపమనండి. పంపకపోతే ఆ గది వదిలేయండి.

కాఫీపూత:
అనంతగిరిని పూర్తిగా తీసేయకండి. పొగమంచు కావాలంటే నా ఓటు దానికే. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, కింద కాఫీ మొక్కలకి ఎర్రగా పండిన కాయలు డిసెంబరులో ఇంకా ఉంటాయి, పొద్దున్నే మంచు ఆ ఆకుల మీద నుంచి చుక్కలుగా రాలుతుంటే వర్షం అనుకుంటాం. రోడ్డుకి సమంగా ఉన్న గది దొరికితే బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే చీకటి పడితే బయట ఏమీ ఉండదు, రాత్రి భోజనం వాళ్లు పెట్టిందే, అర్ధరాత్రి పాపకి జ్వరమొస్తే కిందికో అరకుకో పరుగెత్తాలి. మీరు చెప్పినదాన్ని బట్టి అరకులో ఉండి, అనంతగిరికి ఒక ఉదయం కారులో వచ్చి తోట పక్కన ఆగితే చాలు. గాలికొండ వ్యూపాయింట్ కూడా ఆ దారిలోనే, కారు దిగితే లోయే.

పెందుర్తి కోడలు:
మా అత్తగారు, మామగారితో పోయిన జనవరిలో అరకులోనే ఉన్నామండి. పర్యాటక శాఖ హరిత రిసార్టులు ఉన్నాయి, ప్రైవేటువీ చాలా ఉన్నాయి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా జనం విపరీతం, ఇప్పుడే బుక్ చేసుకోండి. కింది అంతస్తు గది, వెస్టర్న్ టాయిలెట్ ఉందా అని అడగండి. వేడినీళ్లు గీజరా, బకెట్‌లో తెచ్చిస్తారా, ఎన్ని గంటల దాకా ఇస్తారు అన్నది గట్టిగా అడగండి, ఎందుకంటే అక్కడ రాత్రి 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే, చల్లనీళ్లలో చెయ్యి పెట్టలేం. దుప్పట్లు అదనంగా కావాలని ముందే చెప్పి ఉంచండి. అమ్మగారికి మోకాళ్లకి వేడి కాపడం బ్యాగు ఒకటి పట్టుకెళ్లండి, మా అత్తగారికి అదే కాపాడింది.

పైకి మాత్రం రైల్లో వెళ్లండి. విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుకి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె ఉంటుంది. సొరంగం వచ్చినప్పుడల్లా మా పిల్లలు కేకలే. కారు ఖాళీగా అరకు స్టేషన్‌కి రమ్మని చెప్పి, కిందికి దిగేటప్పుడు కారులో రండి. బొర్రా గుహల్లో లోపల చాలా మెట్లు, అమ్మగారిని మాత్రం దింపకండి. పద్మాపురం గార్డెన్స్‌లో పాపకి చిన్న రైలుంది, గిరిజన మ్యూజియం ఊళ్లోనే. పొగమంచుకి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఆరింటికి తలుపు తీస్తే గుమ్మంలోనే ఉంటుంది.

ఉప్పల్‌వాసి:
అందరికీ చాలా థ్యాంక్స్. గోదారిగట్టు గారూ, మీ మెట్ల మాట చదివి మా ఆవిడే ఆ కాటేజీకి ఫోన్ చేసి వీడియో అడిగింది. 38 మెట్లు. వద్దనుకున్నాం. అరకులో కింది అంతస్తులో రెండు గదులు దొరికాయి, ముందు చిన్న వరండా ఉంది, అక్కడ అమ్మకి కుర్చీ వేయిస్తామన్నారు. తమ్ముడు ఒక రాత్రికి అరకు నుంచి పాడేరుకి విడిగా వెళ్తాడు. విస్టాడోమ్‌లో ఇంకా నాలుగు సీట్లే ఉన్నాయట, అమ్మానాన్న, మా ఆవిడ, పాప అందులో, నేనూ తమ్ముడూ కారులో వస్తాం.