నల్లగొండ నుంచి ఫిల్మ్ సిటీ, వండర్‌లా రెండు రోజుల యాత్ర: కిరాయి కారు అవసరమా?

నల్లగొండ ఉపాధ్యాయుడు

దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ రెండు రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. మొదటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ చూసి, రాత్రికి వనస్థలిపురంలోని మా చెల్లెలి ఇంట్లో ఉండి, రెండో రోజు రావిర్యాలలోని వండర్‌లా వినోద పార్కుకు వెళ్లి, ఆ సాయంత్రమే నల్లగొండకు తిరిగి రావాలి. వెళ్లేది ఆరుగురం: నేను, నా భార్య, మా అమ్మ, పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, మా దగ్గర ఉండి చదువుకుంటున్న మా బావమరిది కూతురు.

మాకు సొంత కారు లేదు. నాకు లైసెన్సు ఉంది కానీ హైవే మీద నడిపిన అనుభవం తక్కువ. సెల్ఫ్ డ్రైవ్ పద్ధతిలో ఏడు సీట్ల బండికి రోజుకు 3,500 రూపాయల కిరాయి, 5,000 రూపాయల డిపాజిట్ అని చెప్పారు. డీజిల్, టోల్ మావే. బస్సుల్లో తిప్పితే అమ్మ, పిల్లలు అలసిపోతారని నా భయం. పార్కు బయట రోజంతా నిలబడి ఉండే బండికి కిరాయి ఎందుకు కట్టాలన్నది నా భార్య ప్రశ్న. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందనిపించి ఇక్కడ అడుగుతున్నాను.

మిర్యాలగూడ మిత్రుడు

కారే తీసుకోండి సార్. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చిన తరువాత ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎంత నిండుగా నడుస్తున్నాయో మీకు తెలియనిది కాదు. పండుగ సెలవుల్లో సాయంత్రం హైవే మీద నిలబడి, పెద్దావిడను, ముగ్గురు పిల్లలను, సంచులను కలిపి ఒకే బస్సులో ఎక్కించడం ఎంత కష్టమో నేను స్వయంగా అనుభవించాను. వండర్‌లాలో నీళ్ల ఆటలు ఆడిన తరువాత తడి బట్టల మూట ఒకటి తయారవుతుంది. పార్కులోకి బయటి తిండి అనుమతించరు కాబట్టి సద్ది కట్టుకొని వెళ్లినా దాన్ని పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి. మన సౌకర్యానికి ఆగి, మనకు వీలైనప్పుడు కదిలే బండి విలువను కిలోమీటర్ల లెక్కతో తూచకూడదు.

చౌటుప్పల్ వాసి

మొదటి రోజుకు కారు అనవసరమని గట్టిగా చెప్పదలచుకున్నాను. 1996లో ప్రారంభమైన ఫిల్మ్ సిటీ మీకు హైదరాబాద్‌కు ఇవతలే, విజయవాడ రహదారి మీదనే వస్తుంది. నార్కట్‌పల్లి, చిట్యాల, పంతంగి టోల్ ప్లాజా, మా చౌటుప్పల్ దాటి వెళితే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర తగులుతుంది. మీరు బస్సులో వచ్చినా కారులో వచ్చినా గేటు దగ్గర దిగవలసిందే. 1,666 ఎకరాల ఆ ఆవరణలో సందర్శకులను వాళ్ల సొంత బస్సులే తిప్పుతాయి. మీ కారు ఉదయం నుంచి సాయంత్రం దాకా పార్కింగులో ఎండకు కాగుతుంది. మీ ఇంటావిడ అడిగిన ప్రశ్న పూర్తిగా న్యాయమైనది.

ఇప్పుడు ఖర్చు చూడండి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. మీ ఆరుగురిలో నలుగురు ఆడవాళ్లే కాబట్టి వాళ్ల ఆధార్ కార్డులు వెంట ఉంటే జీరో టికెట్ ఇస్తారు. మీకు ఒక ఫుల్ టికెట్, బాబుకు ఒక అర టికెట్ సరిపోతుంది. రద్దీ గురించి మిత్రుడు చెప్పింది నిజమే, కానీ అది నడుమ ఎక్కేవాళ్ల కష్టం. మీరు బయలుదేరేది నల్లగొండ బస్టాండ్ నుంచి. పొద్దున్నే వెళ్లి ఖాళీ బస్సు ఎక్కితే ఆరుగురికీ సీట్లు దొరుకుతాయి. ఎక్కే ముందే కండక్టర్‌ను ఫిల్మ్ సిటీ దగ్గర ఆపుతారేమో అడగండి. సాయంత్రం మీరు నల్లగొండకు రావడం లేదు. హయత్‌నగర్ వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కితే వనస్థలిపురం ఎంతో దూరం కాదు. బస్సులు నిండుగా కనిపిస్తే అంత మాత్రం దూరానికి ఆటోలు కట్టుకున్నా పెద్ద ఖర్చు రాదు.

పాలమూరు తండ్రి

చౌటుప్పల్ సోదరుని లెక్క ఫిల్మ్ సిటీ వరకు సరిపోతుంది కానీ వండర్‌లాకు సరిపోదు. పార్కు మనకు ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుందని నా అనుభవం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే మాకు వండర్‌లా తేలిక. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే చాలు. ఫిల్మ్ సిటీ మాత్రం మాకు నగరానికి అవతలి వైపు పడుతుంది.

ఉపాధ్యాయుని కుటుంబం వనస్థలిపురం నుంచి బయలుదేరితే పెద్ద అంబర్‌పేట దగ్గర 11వ ఎగ్జిట్‌లో ఔటర్ ఎక్కాలి. కారు ఉంటే ఇది చాలా సులభమైన దారి. ఔటర్ మీద ఆటోలకు, ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కాబట్టి ఆటో మాట్లాడుకుంటే సర్వీసు రోడ్డు మీదనో లోపలి దారుల్లోనో తిరిగి వెళ్లాలి. కనుక రెండో రోజుకు నాలుగు చక్రాల బండి కావలసిందే.

అయితే ఒక హెచ్చరిక. మూడేళ్ల క్రితం నేను పరిచయస్తుల మాట మీద తెల్ల నంబరు ప్లేటు ఉన్న కారును రోజు కిరాయికి తీసుకున్నాను. షాద్‌నగర్ దాటిన తరువాత వెనుక నుంచి ఒక ఆటో తగిలి బంపరు ఊడింది. సొంత వాడకానికి చేసిన బీమా కిరాయికి ఇచ్చిన బండికి వర్తించదని చెప్పడంతో మరమ్మతు ఖర్చు మొత్తం నా మీదనే పడింది. సెల్ఫ్ డ్రైవ్‌కు చట్టబద్ధంగా ఇచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. డ్రైవర్‌తో వచ్చే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండి ఎంత తక్కువకు వచ్చినా దయచేసి ఒప్పుకోకండి.

దేవరకొండ అక్క

తమ్ముడూ, వండర్‌లాకు అమ్మను ఎందుకు తీసుకువెళుతున్నారు? ఆమె ఎక్కే ఆటలు అక్కడ ఏమీ ఉండవు. రోజంతా బెంచీ మీద కూర్చొని మీ సంచులకు కాపలా కాస్తుంది. ఆ రోజు కూతురి ఇంట్లోనే ఉంటే ఆమెకూ సంతోషం, మీ చెల్లెలికీ సంతోషం. అప్పుడు మీరు ఐదుగురే అవుతారు. సాయంత్రం ఊరికి వచ్చేటప్పుడు ఆరుగురు ఎలా పడతారన్నది మాత్రం ముందే చూసుకోండి.

నకిరేకల్ డ్రైవర్

నేను పద్దెనిమిదేళ్లుగా కిరాయి బండి నడుపుతున్నాను. నా వృత్తి కోసం చెబుతున్నానని అనుకోకుండా నా మాట వినండి. ఇక్కడ అందరూ పోయేటప్పటి సంగతే మాట్లాడుతున్నారు. ప్రమాదం వచ్చేటప్పుడే ఉంది.

వండర్‌లా మామూలుగా ఉదయం 11 గంటలకు తెరుస్తారు. సాయంత్రం ఆరు గంటల దాకా పిల్లలు కదలరు. బట్టలు మార్చుకొని, చెల్లెలి ఇంటికి వెళ్లి అమ్మను ఎక్కించుకొని, నాలుగు ముద్దలు తిని బయలుదేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. రోజంతా ఎండలో తిరిగి, నీళ్లలో నాని, రంకులరాట్నాలు ఎక్కి దిగిన మనిషి ఆ వేళ స్టీరింగ్ పట్టుకోవడం నాకు సమ్మతం కాదు. విజయవాడ రహదారి మీద రాత్రిపూట వెనుక లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలు ఉంటాయి. ఊళ్ల దగ్గర క్రాసింగుల్లో బైకులు, ట్రాక్టర్లు అకస్మాత్తుగా అడ్డం వస్తాయి. దండు మల్కాపురం నుంచి చిట్యాల దాకా ఎక్కడ ఏం ఎదురవుతుందో రోజూ నడిపే నాకే ఒక్కోసారి అంతుపట్టదు. బండిలో అందరూ నిద్రపోతుంటే నడిపేవాడికీ కన్ను మూతపడుతుంది. సార్ తనకు హైవే అనుభవం తక్కువని తానే రాశారు. ఆ ఒక్క మాటతోనే నాకు జవాబు దొరికింది. డ్రైవర్ ఉన్న పసుపు బోర్డు బండినే, రెండో రోజు ఒక్కదానికే మాట్లాడుకోండి. వెయిటింగ్, బత్తా, టోల్ ఎవరివన్నది ముందే తేల్చుకోండి.

మిర్యాలగూడ మిత్రుడు

డ్రైవర్ అన్న చెప్పిన తిరుగు ప్రయాణం గురించి నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. నేను ఎప్పుడూ పక్కన బండి నడపగలిగిన మా తమ్ముణ్ని పెట్టుకొని వెళ్లినవాణ్ని. అయినా ఒక మాట మిగిలి ఉంది. డ్రైవర్‌కు రోజంతా వెయిటింగ్ కట్టడం కూడా నిలబడిన బండికి డబ్బు కట్టడమే కదా? సెల్ఫ్ డ్రైవ్ తీసుకొని ఆ రాత్రి కూడా చెల్లెలి ఇంట్లోనే పడుకొని, మరునాడు తెల్లవారాక నింపాదిగా బయలుదేరితే భద్రత, సౌకర్యం రెండూ దక్కుతాయి. అలా చేసేటట్టయితే బండి తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, బంపరు కింద, స్టెపినీతో సహా వీడియో తీసుకోండి. పాత గీతకు కొత్తగా డబ్బు కట్టిన బాధ నాకు ఉంది.

నల్లగొండ ఉపాధ్యాయుడు

అందరి మాటలూ మా ఇంట్లో చదివి వినిపించాను. మూడో రోజు ఉదయం తిరిగి రావడం నాకూ నచ్చింది కానీ, ఆ రోజు పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతి తీసుకుంటానని ముందే మాట ఇచ్చాను.

కాబట్టి మొదటి రోజు నల్లగొండ బస్టాండ్ నుంచి ఆరు గంటల లోపు ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. రెండో రోజు అమ్మ చెల్లెలి దగ్గరే ఉంటుంది. ఆ రోజుకు డ్రైవర్‌తో ఏడు సీట్ల బండి మాట్లాడాను. వనస్థలిపురం నుంచి వండర్‌లా, అక్కడి నుంచి అమ్మను తీసుకొని నల్లగొండ వరకు, వెయిటింగ్, బత్తా, టోల్ కలిపి ఒకే మొత్తానికి ఒప్పుకున్నారు. అది సెల్ఫ్ డ్రైవ్ ఒక రోజు కిరాయి, డీజిల్ కలిపినదానికంటే కొంత ఎక్కువే. ఆ ఎక్కువ డబ్బును నేను నా కుటుంబం నిద్రపోతున్న బండిలో మెలకువగా ఉండే మనిషికి ఇస్తున్నానని భావిస్తున్నాను. నంబరు ప్లేటు ఫొటో తెప్పించుకొని చూశాను, పసుపు రంగుదే.