బెంచ్‌రెస్ట్ మొదలుపెడదామని ఉంది: లక్ష రూపాయల్లో ఏం కొనాలి?

చెరువుగట్టు, భీమవరం దగ్గర

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం పక్క పల్లెటూరు, రొయ్యల చెరువుల పని. రెండేళ్ళ కిందట రాజమండ్రిలో స్నేహితుడి దగ్గర 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పట్టుకున్నాను. నడుము నొప్పి వల్ల నిలబడి కొట్టడం నాకు కుదరలేదు. తర్వాత బెంచ్‌రెస్ట్ గురించి తెలిసింది. బల్ల దగ్గర కూర్చుని, రైఫిల్‌ని ముందు రెస్ట్ మీద, వెనక సంచి మీద పెట్టి, వేసినవన్నీ ఒకే చోట పడేలా కొట్టడం. అప్పటినుంచి ధ్యాసంతా దాని మీదే.

లక్ష రూపాయలు దాచాను. ఇంట్లో 4.5 మి.మీ. స్ప్రింగ్ గన్ ఒకటి ఉంది, దాని మీద మామూలు స్కోప్. 25 మీటర్ల దగ్గర ఐదు పెల్లెట్లు వేస్తే కోడిగుడ్డంత జాగాలో పడుతున్నాయి. డబ్బంతా కొత్త రైఫిల్ మీద పెట్టేయాలా? 6 పీపీసీ అనే తూటా గురించి చాలా చదివాను, అది మనకి దొరుకుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గోస్తనీ, తణుకు

ముందు చట్టం సంగతి చూసుకోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు 4.5 మి.మీ. దాటకుండా, 20 జౌల్స్ శక్తి మించకుండా ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండిట్లో ఏది దాటినా కావాలి. ఆన్‌లైన్‌లో 5.5 మి.మీ. గన్‌లు చూసి చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటా రైఫిల్‌కీ, మీరు అడిగిన 6 పీపీసీకీ ఆయుధ లైసెన్సు తప్పదు. మీ బడ్జెట్‌లో, మన ఊళ్ళలో, ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్టే దారి. అదేం తక్కువ ఆట కాదు.

ముమ్మిడివరం నుంచి టెక్సాస్

6 పీపీసీ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ క్లబ్బు పోటీల్లో ఆరేళ్ళుగా దాంతోనే కొడుతున్నాను.

1950లో వచ్చిన .222 రెమింగ్టన్ చాలా కాలం బెంచ్‌రెస్ట్‌ని ఏలింది. 1970ల్లో లూయీ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ అనే ఇద్దరు .220 రష్యన్ తూటా కేసుని (మందు నింపే ఇత్తడి గొట్టాన్ని) మార్చి పీపీసీని తయారుచేశారు. పొట్టిగా, లావుగా ఉండే కేసు, చిన్న ప్రైమర్ (మందుని అంటించే బిళ్ళ). 100, 200 గజాల గ్రూప్ పోటీల్లో (వేసిన దెబ్బలు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచేవి) ఇప్పటికీ దానిదే పైచేయి. 65 నుంచి 68 గ్రెయిన్ల చదును అడుగు బుల్లెట్లు, 14 అంగుళాలకి బుల్లెట్ ఒక చుట్టు తిరిగేలా గాడులున్న బ్యారెల్. లైట్ వార్మింట్ తరగతిలో రైఫిల్ బరువు 10.5 పౌండ్లు, హెవీ వార్మింట్‌లో 13.5 పౌండ్లు దాటకూడదు. 600 గజాలు ఆపైన అయితే జనం 6 బీఆర్, డాషర్ లాంటి తూటాలకి వెళ్తారు. పేపర్ మీద గ్రూపు కొలవడం కాకుండా స్కోరు లెక్కేసే పోటీల్లో 30 బీఆర్ తూటాకి పేరుంది, పెద్ద రంధ్రం గీతని తొందరగా తాకుతుంది కాబట్టి.

తూటాలు ఇక్కడ దుకాణంలో కొని తెచ్చుకోవడం కాదు. పోటీ రోజున మైదానంలోనే బల్ల వేసుకుని కేసుల్లో తుపాకిమందు నింపుకుంటాం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక్క రంధ్రంలా పడ్డ లోడు (నింపిన మందు కొలత), ఎండెక్కి గాలిలో తేమ మారేసరికి నిలువుగా సాగిపోతుంది. మధ్యాహ్నానికి మళ్ళీ సరిచేసుకోవాలి. ఇంత చేసినా బ్యారెల్ పదును వెయ్యి, పదిహేను వందల దెబ్బలకి తగ్గిపోతుంది, మార్చాల్సిందే.

ఇక్కడ నాకు ఎక్కువ పాఠం నేర్పింది రైఫిల్ కాదు, గాలి. నాకంటే పాత రైఫిళ్ళతో వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దాయన, తనకీ పేపర్‌కీ మధ్య నాలుగు ఫ్లాగులు పాతుకుని, అవన్నీ ఒకే తీరుగా ఆడేదాకా ట్రిగ్గర్ ముట్టుకోకుండా కూర్చుంటాడు. ఏడు నిమిషాల్లో ఐదు దెబ్బలు వేయాలి, ఆయన నాలుగు నిమిషాలు చూడటానికే వాడతాడు. నేను ఆయన మీద గెలిచింది రెండే సార్లు.

కొబ్బరితోట, అంబాజీపేట

తమ్ముడూ, మూడేళ్ళుగా మా తోటలో 25 మీటర్లు కొడుతున్నాను. డబ్బు రైఫిల్ మీద పెట్టేముందు బల్ల, సంచులు సరిచేసుకో.

నాదీ మొదట స్ప్రింగ్ గన్నే. గట్టి చెక్కదిమ్మ మీద పెట్టి కొట్టేవాణ్ణి, గ్రూపు చెల్లాచెదురు. స్ప్రింగ్ గన్‌లో ట్రిగ్గర్ వదలగానే లోపల పిస్టన్ ముందుకి దూకుతుంది, గన్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివరికి వెళ్ళి ఆగేసరికి మళ్ళీ ముందుకి కుదుపు. ఇదంతా పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే జరుగుతుంది. గట్టి వస్తువు మీద పెడితే గన్ ఎగిరి పక్కకి పోతుంది. అందుకని సంచి మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి, ఆ అరచేతి మీద గన్‌ని ఆనించు. పట్టుకోకు, ఊరికే ఆననివ్వు. చెయ్యి ప్రతిసారీ స్టాక్ (గన్ పిడి చెక్క) కింద ఒకే చోట ఉండాలి, నేను పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. బుగ్గ కూడా నొక్కకూడదు. ఈ ఒక్క మార్పుతో నా గ్రూపు సగానికి తగ్గింది.

సంచులు నేనే కుట్టించాను. పాత జీన్స్ ప్యాంటు కాలు ముక్క తీసుకుని మా టైలర్ చేత రెండు వరసల కుట్టు వేయించాను. గోదావరి ఇసుక జల్లించి, టార్పాలిన్ మీద మూడు రోజులు ఎండలో ఆరబోసి నింపాను. మొదటిసారి సరిగ్గా ఆరకముందే నింపితే వానాకాలానికి బూజు పట్టి రాయిలా గట్టిపడింది. ఊక కూడా వేసి చూశాను, అది మరీ తేలిక, గన్ బరువుకి రోజురోజుకీ కుంగుతుంది. వెనక సంచికి పైన రెండు చెవులు కుట్టించు, ఆ చెవుల మధ్య స్టాక్ కూర్చోవాలి. గన్ ఆనే చోట కొంచెం టాల్కం పౌడర్ రాస్తే జారుడు బాగుంటుంది. ముందు సంచి స్టాక్ కిందే ఉండాలి, బ్యారెల్‌కి తగలకూడదు.

బల్లకి ఆర్‌సీసీ పలక వేయించాను, కింద మూడు సిమెంటు కాళ్ళు. నాలుగు కాళ్ళయితే మా మెత్తనేలలో ఒక కాలు దిగి ఊగుతుంది. కుర్చీ బల్లకి తగలకుండా చూసుకో.

చెరువుగట్టు

చాలా థ్యాంక్స్ అన్నగారూ. నేను మకాంలో ఉన్న ఇనప మంచం మీద పెట్టి కొడుతున్నాను. నా ఊపిరి కూడా స్కోప్‌లో కనిపిస్తోంది. ఈ వారమే పలక పోయిస్తాను. టెక్సాస్ అన్నగారూ, మనదగ్గర గాలి చూడటానికి ఏం వాడొచ్చు?

ముమ్మిడివరం నుంచి టెక్సాస్

ఖరీదైన ఫ్లాగులేం అక్కర్లేదు. సన్న వెదురు పుల్లకి పలుచని ప్లాస్టిక్ రిబ్బన్ మూర పొడుగు కట్టి, నీకూ పేపర్‌కీ మధ్య మూడు చోట్ల గుచ్చు. గొట్టం నుంచి చూపు వెళ్ళే గీతకి కొంచెం కింద ఉండాలి. నీకు దగ్గరగా ఉన్న రిబ్బన్‌ని ఎక్కువ పట్టించుకో. మొదట్లోనే పక్కకి నెట్టిన గాలి పేపర్ దాకా లెక్కకి వస్తుంది.

కొబ్బరితోట

తోటలో ఇంకో సంగతి. పైన కమ్మలు ఊగుతుంటే కింద గాలి లేనట్టే ఉంటుంది, ఒక్కోసారి దానికి ఎదురు కూడా వీస్తుంది. కమ్మల్ని చూసి గాలి చెప్పకు, రిబ్బన్ చూడు. చెట్టుకీ చెట్టుకీ 25 అడుగుల ఎడం కాబట్టి మా తోటలో మూడు ఖాళీలు దాటి ఇంకో రెండు మీటర్లు వెళ్తే ఇంచుమించు 25 మీటర్లు. ఒక్కో ఖాళీలో ఒక్కో రిబ్బన్ పెట్టాను. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర మంచి టైము. మధ్యాహ్నం సముద్రం మీంచి పైరగాలి లేచిందంటే సంచులు ఎత్తేస్తాను. దింపు (కాయలు దించే) రోజుల్లో అసలు గన్ బయటికి తీయను, తోటంతా మనుషులే.

ఉప్పుగాలి, నరసాపురం

ఎవరూ తుప్పు గురించి రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర. కొత్త రైఫిల్ తెచ్చి ఫోమ్ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పెళ్ళిళ్ళ హడావుడిలో నెలన్నర తీయలేదు. తీసి చూస్తే బ్యారెల్ మీద ఫోమ్ ఆనిన చోటల్లా నారింజ రంగు చుక్కలు. ఏడుపొచ్చింది. ఫోమ్ చెమ్మని పీల్చి పట్టుకుంటుంది. అప్పటినుంచి పెట్టె ప్రయాణానికి మాత్రమే. ఇంట్లో చెక్క బీరువాలో నిలబెట్టి తాళం వేస్తాను, సిలికా జెల్ పొట్లాలు నెలకోసారి ఎండబెడతాను. ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడుస్తాను. చేతి చెమటే మొదటి శత్రువు. పెల్లెట్లకి తెల్లగా పొడి పట్టినా పారేయండి.

పీసీపీ (ముందే సిలిండర్‌లో గాలి నింపుకుని కొట్టే ఎయిర్ రైఫిల్) కొంటే చేతిపంపుతో జాగ్రత్త అండి. మన గాలిలో తేమ ఎక్కువ. 200 బార్ దాకా నొక్కేసరికి ఆ నీరంతా సిలిండర్‌లోకి పోతుంది. తేమ ఫిల్టర్ లేకుండా కొట్టవద్దు. యాభై దెబ్బలు పంపు కొట్టాక కాసేపు ఆపి, నీటి వాల్వ్ విప్పి వదిలేయండి. నేను వదిలిన ప్రతిసారీ తెల్లటి తుంపర వచ్చింది.

గురిబల్ల, రాజమహేంద్రవరం

ఇరవై ఏళ్ళు 10 మీటర్లు కొట్టి, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. ఎయిర్ రైఫిల్, రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్‌కి డబ్ల్యూఆర్ఏబీఎఫ్ అని ప్రపంచ సమాఖ్య ఉంది. ఎయిర్ రైఫిల్ 25 మీటర్లు, రిమ్‌ఫైర్ 50 మీటర్లు. కార్డు మీద 25 గురులు, ఒక్కోదానికి ఒక్కటే దెబ్బ, మొత్తం 250. అందుకే ఒక మంచి గ్రూపు వేయడం వేరు, ఇరవై ఐదు సార్లు తప్పకుండా వేయడం వేరు.

పెల్లెట్ల గురించి గట్టిగా చెబుతాను. 10 మీటర్లకి చదును తల పెల్లెట్లు సరిపోతాయి. 25 మీటర్లకి గుండ్రటి తల ఉన్నవే వాడండి, చదునువి గాలికి తేలిపోతాయి. తల వ్యాసం 4.50, 4.51, 4.52 అని డబ్బా మీద ఉంటుంది. ఆ నూరో వంతు తేడా గొట్టానికి తెలుస్తుంది. ఒకే కంపెనీవి, ఒకే బరువువి అయినా లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మారితే ఫలితం మారుతుంది. రిమ్‌ఫైర్ వాళ్ళు ఎలీ టెనెక్స్ లాంటి ఖరీదైన తూటాలని కూడా లాట్ నంబరు చూసి పరీక్షించే కొంటారు. నాలుగైదు రకాలు ఒక్కో డబ్బా తెచ్చుకుని పరీక్షించండి, నచ్చిన లాట్ దొరికితే డబ్బాలు ఎక్కువ తీసుకోండి.

పరీక్ష ఎలాగంటే, ఒక్కో రకంతో ఐదు దెబ్బల గ్రూపులు ఐదు వేసి సగటు తీయండి. ఒక్క చక్కటి గ్రూపు చూసి మురిసిపోయి పెల్లెట్ నిర్ణయించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికి వచ్చారు. కొలత వెర్నియర్ కాలిపర్‌తో. దూరంగా పడ్డ రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 4.5 తీసేయండి.

స్కోప్‌కి పారలాక్స్ సర్దుబాటు 10 మీటర్ల దాకా దిగాలి. పెద్ద రైఫిళ్ళ కోసం చేసినవి చాలా వరకు 100 గజాలకి స్థిరంగా ఉంటాయి, 25 మీటర్ల దగ్గర తల కాస్త కదిపితే గురి కదులుతుంది. స్ప్రింగ్ గన్ మీద పెట్టేదయితే ఆ రెండు వైపుల కుదుపు తట్టుకుంటుందని రాసి ఉన్నదే కొనండి.

వాడిన 10 మీటర్ల మ్యాచ్ రైఫిల్, వాల్థర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్ లాంటిది మంచి ధరకి దొరికితే వదలొద్దు. శక్తి తక్కువే, ఏడు ఎనిమిది జౌల్స్, కానీ బ్యారెల్, ట్రిగ్గర్ అద్భుతం. సిలిండర్ మీద తేదీ మాత్రం చూడండి, మామూలుగా పదేళ్ళు గడువు ఉంటుంది. దాటిన సిలిండర్‌ని నింపకండి.

గోస్తనీ

గురిబల్ల గారూ, ఇక్కడ నాది వేరే మాట. నేను అలాంటి మ్యాచ్ రైఫిల్‌తోనే 25 మీటర్లు ఏడాది కొట్టాను. గాలి లేని రోజు బంగారం. కొంచెం వీచిందా, నెమ్మదిగా వెళ్ళే పెల్లెట్ పక్కకి జరిగిపోతుంది. ఈ తమ్ముడి చెరువుగట్టు మీద ఏ అడ్డూ ఉండదు. 20 జౌల్స్‌లోపు ఉన్న పీసీపీయే ఆయనకి నయం అనిపిస్తుంది.

గురిబల్ల

చెరువుగట్టు మీదయితే మీరన్నదే నిజం. నేను గోడౌన్ లోపల కొట్టే అలవాటుతో చెప్పాను.

కాకినాడ అమ్మ

నమస్తే అండి. మా పాప ఎనిమిదో తరగతి, స్కూల్లో ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టింది. ఇంట్లో సంచి మీద పెట్టి ప్రాక్టీసు చేయిస్తే తప్పా?

గురిబల్ల

తప్పు కాదమ్మా, మంచిది. ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం సంచి మీదే బాగా వస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. పెల్లెట్లు సీసం, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి, ఆ చేత్తో ఏమీ తిననివ్వకండి.

ఉప్పుగాలి

చెరువుల వాళ్ళు ఉన్నారు కాబట్టి ఒక మాట. రొయ్యలు తినే కొంగల మీద, నీటికాకుల మీద ఎయిర్‌గన్ ఎత్తేవాళ్ళు మన వైపు ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మా ఊళ్ళో రెక్క విరిగి గట్టు మీద రెండు రోజులు పడి ఉన్న కొంగని చూశాను, ఇప్పటికీ మర్చిపోలేను. వలలు కట్టుకోండి. గన్ పేపర్ మీదకే.

చెరువుగట్టు

నిజం అండి. మా చెరువుల మీద వలే కట్టాం. నా పేపర్ వెనక రెండడుగుల మందం మట్టికట్ట పోయించాను, దాని ముందు ప్లైవుడ్ పెట్టెలో పాత దుప్పట్లు కుక్కాను.

చెరువుగట్టు, రెండు నెలల తర్వాత

ఏం జరిగిందో రాస్తున్నాను. ఇంకా కొత్త రైఫిల్ కొనలేదు. ఆర్‌సీసీ పలక, మూడు కాళ్ళు, జీన్స్ సంచులు, అరచేతి పట్టు, ఐదు రకాల పెల్లెట్లు. అంతే. పాత స్ప్రింగ్ గన్‌తో ఐదు గ్రూపుల సగటు 41 మి.మీ. ఉండేది, మొన్న ఆదివారం 17 వచ్చింది. నాకు కుదిరింది 4.52 తల ఉన్న రకం. మధ్యలో ఒక వారం గ్రూపు మళ్ళీ చెడితే టెన్షన్ పడి స్కోప్ మార్చబోయాను, చూస్తే స్టాక్ మరలు వదులయ్యాయి. ఇప్పుడు కొట్టేముందు రోజూ అవి బిగించి చూసుకుంటున్నాను.

పీసీపీకి ఈ నెల అడ్వాన్సు ఇచ్చాను, 4.5 మి.మీ.దే, తేమ ఫిల్టర్‌తో. కొబ్బరితోట అన్నగారూ, వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి మీ తోటకి రావచ్చా? రిబ్బన్లు దగ్గరుండి చదవడం నేర్చుకోవాలని ఉంది.

కొబ్బరితోట

రా తమ్ముడూ. దింపు శుక్రవారంతో అయిపోతుంది, ఆదివారం తోట ఖాళీయే. ఐదున్నరకే వచ్చెయ్, వెలుగు రాకముందే బల్ల సర్దుకుందాం. నీ సంచులు నువ్వు తెచ్చుకో, అలవాటైన వాటి మీదే కొట్టాలి.